ఊడ్చిన అడవి: సఫారీ రచనలపై ఒక పరిశీలన

యాత్రారచనలంటే మన విమర్శకులకు కొంత చిన్నచూపు. నవలకూ కవిత్వానికీ పెట్టే గీటురాయి వాటికి పెట్టరు. "చూసింది రాశాడు, బాగానే వుంది" అని ఒక మాట అని వదిలేస్తారు. చూసింది రాయడం అంత అమాయకమైన పని కాదని చెప్పడానికే ఈ వ్యాసం. నేను తీసుకున్న ఉదాహరణ ఆఫ్రికా దక్షిణభాగంలోని సఫారీ క్యాంపుల గురించీ, అక్కడి జంతుదర్శనం గురించీ వచ్చిన రచనలు. మన విద్యార్థికి ఆఫ్రికా అనగానే ముందు సింహం మనసులో మెదులుతుంది, తరవాత ఏనుగు, ఆ తరవాత ఎప్పటికో మనిషి. ఈ వరుస అతని బుద్ధిలో తనంత తాను పుట్టలేదు. సినిమాలూ బొమ్మల పుస్తకాలూ దాన్ని నాటాయి. సినిమాలకూ బొమ్మల పుస్తకాలకూ సరుకు అందించింది ఈ రచనలే.

"సఫారీ" స్వాహిలీ మాట. ప్రయాణం అని అర్థం. స్వాహిలీలోకి అది అరబ్బీనుంచి వచ్చింది. హైదరాబాదు వీధుల్లో వినిపించే "సఫర్" దానికి తోబుట్టువే. తూర్పు ఆఫ్రికా వర్తకుల బిడారుల్లో ఏనుగుదంతాలు మోసిన కూలీకి సఫారీ అంటే నెత్తిన బరువూ, కాళ్లకింద వందల మైళ్లూను. తెల్లదొర చేతికి వచ్చాక అదే మాటకు వేట అని అర్థం వచ్చింది. ఇవాళ దానికి తెల్లవారుజాము జీపూ, కెమెరా, గుడారంలో మెత్తటి పరుపూ అని అర్థం. మాట మారలేదు. ఆ మాటను అనుభవించే వర్గం మారింది. బరువు మోసినవాడు మాత్రం మాటలోంచి జారిపోయాడు.

సఫారీ రచనకు ఒక అచ్చు వుంది. పది చదివితే పదకొండోది చదవక్కరలేదు. చిన్న విమానం మట్టి మైదానంలో దిగుతుంది. రన్‌వే మీదనుంచి చారల గుర్రాలను తరుముతారు. తెరిచిన జీపు ఎదురు వస్తుంది. తెల్లవారకముందే టీ, తరవాత చలిలో ప్రయాణం, ఎండ ముదిరాక విశ్రాంతి, మళ్లీ సాయంత్రం ప్రయాణం, పొద్దుగూకేవేళ చేతిలో పానీయం, రాత్రి నెగడు చుట్టూ భోజనం, గుడారం బట్టకు అవతల సింహగర్జన. చివరి పేజీలో రచయితకు కాలం ఆగిపోయినట్టు, సృష్టి మొదటినాళ్లు కంటబడినట్టు తోస్తుంది. తిరుగు విమానం ఎక్కుతాడు.

ఈ అచ్చులోని వ్యాకరణాన్ని కాస్త పరిశీలించండి. సింహం లేస్తుంది, ఏనుగు చూస్తుంది, చిరుతపులి నిర్ణయించుకుంటుంది. జంతువులన్నీ కర్తలు. మరి పక్క ఎవరు వేశారు? నీళ్లు ఎవరు కాచారు? ఇంగ్లీషువాడు ఈ పనులన్నీ కర్మణి ప్రయోగంలో చెప్పి కర్తను ఎగరగొడతాడు. మనభాషలో కర్మణి ప్రయోగం ఇమడదు కాబట్టి మనం ఆ తప్పు చెయ్యమని అనుకోవద్దు. మనవాడు "టీ వచ్చింది" అంటాడు. టీకి కాళ్లున్నట్టు! అడుగుజాడలు "కనిపించాయి" అంటాడు. జీపు ముందుభాగాన బిగించిన చిన్న కుర్చీలో ఒక మనిషి కూచుని, మంచుకు తడిసిన ఇసుకమీద పంజా అంచు ఎంత పదునుగా వుందో చూసి, ఆ జంతువు ఎప్పుడు పోయిందో, ఎటు పోయిందో, తిండి తిన్నదో లేదో చెబితే గాని ఆ జాడ ఎవరికీ కనిపించదు. తరతరాల పశుకాపరులూ వేటగాళ్లూ గడించిన విజ్ఞానం అది. శ్రమ కూడా. ఆ శ్రమ ఫలాన్ని రచయిత తన అదృష్టం ఖాతాలో వేసుకుంటాడు: "మాకు ఆ రోజు సింహం దొరికింది."

ఈ రూపం ఎక్కడ పుట్టిందో చూస్తే దాని స్వభావం ఇంకా బాగా బోధపడుతుంది. రైడర్ హాగర్డ్ 1885లో "సోలొమన్ రాజు గనులు" నవల ప్రచురించాడు. దానిలో కథానాయకుడు క్వాటర్‌మెయిన్ వృత్తిరీత్యా ఏనుగుల వేటగాడు. ఒక వేటలో ఖీవా అనే జూలూ కుర్రవాడు తెల్లవాణ్ణి కాపాడబోయి తాను ఏనుగు వాత పడతాడు. ఆ చావుకు రెండు మంచి మాటలు ఖర్చు చేసి కథ వజ్రాలవైపు సాగిపోతుంది. అడవి, జంతువు, నమ్మిన బంటు, కింద గనులు: ఈ నాలుగూ మొదటినుంచీ ఒకే కట్టలో వున్నాయని గుర్తుంచుకోండి. నేటి సఫారీ ప్రకటనల్లో గొప్పగా చెప్పే "అయిదు మహామృగాలు" (సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న) వేటగాళ్ల లెక్కే. కాలినడకన వెంటాడి చంపడానికి మహా ప్రమాదకరమైనవి ఇవని వాళ్లు జాబితా కట్టారు. తుపాకి పోయి కెమెరా వచ్చింది గాని జాబితా పోలేదు. ఈ అయిదూ దక్షిణాఫ్రికా కరెన్సీ నోట్లమీదకు కూడా ఎక్కాయి.

ఇక అడవి సంగతి. పాల్ క్రూగర్ ప్రభుత్వం 1898లో ట్రాన్స్‌వాల్‌లో సాబీ మృగరక్షణ ప్రాంతాన్ని ప్రకటించింది. బోయరు యుద్ధం ముగిశాక, 1902లో జేమ్స్ స్టీవెన్సన్-హామిల్టన్ అనే స్కాట్లండు సైనికాధికారి దానికి మొదటి అధికారిగా వచ్చాడు. 1946దాకా దాదాపు అక్కడే వున్నాడు. వచ్చీరాగానే అతను చేసిన పని అక్కడ కాపురమున్న ఆఫ్రికన్లను ఖాళీ చేయించడం. త్సోంగా ప్రజలు అతనికి "స్కుకూజా" అని పేరు పెట్టారు. ఊడ్చేసినవాడు అని దాని అర్థం. 1926లో ఆ ప్రాంతం క్రూగర్ జాతీయ పార్కు అయింది. నేడు దాని విస్తీర్ణం సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు. ఆ పార్కులో అన్నిటికంటే పెద్ద క్యాంపు పేరు స్కుకూజా. లక్షలమంది యాత్రికులు ఆ పేరును నోటితో పలికి, బోర్డుమీద చదివి, అక్కడ నిద్రపోయి వెళ్లారు. ప్రజలు తిట్టిన తిట్టు యజమాని గుమ్మానికి నామఫలకమైంది!

ఈ స్కుకూజా 1937లో తన అనుభవాలను గ్రంథంగా రాశాడు. ఆ పుస్తకం పేరులో తన అడవిని "ఈడెన్" అన్నాడు. మనిషిగా అతను క్రూరుడు కాడు. జంతువులంటే నిజమైన ప్రేమ వున్నవాడు. వేటగాళ్లనుంచీ భూకామందులనుంచీ ఆ అడవిని కాపాడడానికి ఏళ్ల తరబడి పోరాడాడు. ఆ పోరాటం లేకపోతే అక్కడ నేడు చూడడానికేమీ మిగిలేది కాదు. కాని బైబిలు చదివిన ప్రతివాడికీ తెలుసు, ఈడెన్ అనే కథలో ముఖ్యఘట్టం మనుషుల్ని వెళ్లగొట్టడం. ఆ ఉపమానం అతని కలానికి ఊరికే తగల్లేదు. రచయిత మంచితనం వేరు, రచన నిర్వహించే పని వేరు అని మనం బూర్జువా నవల గురించి తరచుగా చెబుతుంటాం. ఆ సూత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది.

మనుషులు లేని ఆ ఈడెన్‌లో రోడ్లు ఎవరు వేశారు? మొజాంబిక్‌నుంచి ట్రాన్స్‌వాల్ గనులకు కూలికోసం కాలినడకన పోయేవాళ్లకు దారి ఆ అడవిలోనుంచే. అనుమతి చీటీ లేకుండా పట్టుబడ్డవాళ్లను కొన్నాళ్లు పార్కు పనిలో పెట్టుకుని, తరవాత చీటీ ఇచ్చి పంపేవారు. కనక యాత్రికుడి కారు నడిచే దారి మీద గనికార్మికుని చెమట వుంది. 1927లో మొదటి ఏడు యాత్రికులతో వచ్చిన కార్లు మూడు. ఆ మూడు కార్ల చరిత్రను పార్కు పుస్తకాలు మురిపెంగా చెప్పుకుంటాయి. ఆ దారి వేసినవాళ్ల చరిత్రను వెతికి తీయడానికి జేకబ్ డ్లామిని అనే ఆఫ్రికన్ చరిత్రకారుడు 2020లో "సఫారీ నేషన్" రాయవలసి వచ్చింది.

డ్లామిని పుస్తకం నుంచి మనం నేర్చుకోవలసిన మరో సంగతి వుంది. తెల్లవారు కానివారు ఆ పార్కులో కూలీలుగానే కాదు, చూడవచ్చిన యాత్రికులుగా కూడా వుండేవారు. వర్ణవివక్ష రోజుల్లో వాళ్లకు ఓలిఫెంట్స్ నది దగ్గర బలూలే అనే ఒక చిన్న క్యాంపు కేటాయించారు. 1860నుంచి చెరకుతోటల పనికి నేటాలుకు వెళ్లినవారిలో మన తెలుగువాళ్లున్నారు; 1931నాటికి వాళ్లు అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆ దేశంలో పుట్టి, ఆ దేశానికి పన్నులు కట్టిన తెలుగు ఉపాధ్యాయుడు ఆ దేశపు ఏనుగును చూడాలంటే ఒంటి రంగును బట్టి పడక వెతుక్కోవలసిన రోజులవి. ఏనుగుకు మాత్రం ఈ భేదం తెలియదు.

రూపం గురించి ఇంతవరకు చెప్పాను. సారం విషయంలో అన్నిటికంటే ప్రమాదకరమైన ఉదాహరణ లారెన్స్ వాన్ డెర్ పోస్ట్ 1958లో ప్రచురించిన "ద లాస్ట్ వరల్డ్ ఆఫ్ ద కలహారి". ఇది తుపాకి పుస్తకం కాదు. సాన్ ప్రజలమీద ప్రేమతో రాసిందని పేరు. కలహారి ఎడారిలో "మిగిలిపోయిన" బుష్‌మన్లను వెతుకుతూ పోయిన యాత్రాకథ. వచనం సొగసుగా వుంటుంది. నెగడు దగ్గర పాటలూ నక్షత్రాలూ వర్ణించే పట్లు చదివినవాడు మరచిపోడు. అతని జీవితచరిత్ర రాసిన జె.డి.ఎఫ్. జోన్స్ 2001లో, వాన్ డెర్ పోస్ట్ తన గురించి చెప్పుకున్నవాటిలో కల్పన ఎంత వుందో బయటపెట్టాడు. నా ఆక్షేపణ దానిమీద కాదు. అతని సాన్ మనిషికి చరిత్ర లేదు. అతను మనం పోగొట్టుకున్న బాల్యం, మన నిద్రలోని కల, ప్రకృతిలో ఒక భాగం. అతనికి అన్నీ వున్నాయి, హక్కు తప్ప.

ఇది ఒట్టి సాహిత్యదోషమేనా? ఆ తరవాత జరిగింది చూడండి. 1961లో, బ్రిటిషు పాలనలోనే, మధ్య కలహారి రక్షణ ప్రాంతం ఏర్పడింది. విస్తీర్ణం 52,000 చదరపు కిలోమీటర్లకు పైగా. జంతువులతోపాటు అక్కడి సాన్ ప్రజలు కూడా తమ బతుకు తాము బతకడానికే దాన్ని పెట్టారు. 1997లో ఒకసారి, 2002లో మరోసారి బోట్స్వానా ప్రభుత్వం వాళ్లను అక్కడినుంచి తరలించింది. మొతొమెలోలో వున్న ఒక్క బోరుబావినీ మూసేసింది. దానికి చెప్పిన కారణం ఏమిటి? వాళ్లిప్పుడు మేకలు పెంచుతున్నారు, గుర్రాలెక్కుతున్నారు, సేద్యం చేస్తున్నారు; పూర్వపు బతుకు బతకడం లేదు; కనక వాళ్లు వుంటే వన్యప్రాణులకు చేటు. అంటే, పుస్తకంలోని బుష్‌మన్‌లాగా లేనందుకు అసలు బుష్‌మన్‌ను ఇంటినుంచి గెంటారు! అందమైన అబద్ధం పుస్తకాల అరలో వున్నంతసేపు అందంగానే వుంటుంది. అది ప్రభుత్వ ఉత్తర్వులోకి ఎక్కినప్పుడు దాని అసలు రంగు బయటపడుతుంది.

రాయ్ సెసానా తదితరులు కోర్టుకెక్కారు. 2006 డిసెంబరులో హైకోర్టు ఆ తరలింపు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. అయినా నీళ్లు ఇవ్వవలసిన పూచీ ప్రభుత్వానికి లేదంది. ఆ బోరును తమ ఖర్చుతో తాము తెరుచుకుంటామన్నా ఒప్పుకోలేదు. 2011 జనవరిలో అప్పీలుకోర్టు ఆ హక్కు వుందని తేల్చేదాకా వాళ్లకు ఆ నీళ్లు లేవు. ఈలోపల అదే రక్షణ ప్రాంతంలో యాత్రికులకోసం ఒక విలాసవంతమైన విడిది వెలిసింది. దానికి ఈతకొలను కూడా కట్టారు. 2014లో వజ్రాల గని తెరిచారు. 2021లో చనిపోయిన ఒక సాన్ వృద్ధుణ్ణి పుట్టిన నేలలో పూడ్చడానికి కోర్టు అనుమతి ఇవ్వలేదు. శవం మూడేళ్లు శవాగారంలో వుంది. 2024లో కొత్త ప్రభుత్వం వచ్చాకనే ఆ డిసెంబరులో కుటుంబం అతన్ని స్వస్థలంలో మట్టి చేసుకోగలిగింది. ఆ విడిదిలో బసచేసి, కొలనులో ఈదుతూ దూరాన జింకల మందను చూసి "మనిషి అడుగుపెట్టని ప్రకృతి" అని రాసిన ప్రతి వాక్యాన్నీ ఈ శవం పక్కన పెట్టి చదవాలి. అది శిల్పం చర్చ కాదు, నీతి చర్చ అనేవాళ్లుంటారు. వాక్యం అబద్ధమయ్యాక దానికి మిగిలే శిల్పమేమిటో వాళ్లే చెప్పాలి.

ఇంత చెప్పాను గనక, జంతువుల్ని చూడడమే ఒక బూర్జువా వ్యసనమని నేనంటున్నట్టు కొందరు మిత్రులు సంతోషించవచ్చు. వాళ్లతో నాకు ఏకీభావం లేదు. నమీబియాలో ఎటోషా పార్కులోని ఒకౌకుయో క్యాంపులో నేను రెండు రాత్రులు వున్నాను. ప్రభుత్వపు క్యాంపు. నీటిగుంట అంచున తక్కువెత్తు రాతిగోడ, గోడకివతల బల్లలు, గుంటమీద మందమైన దీపపు వెలుగు. రాత్రి పదిగంటలప్పుడు ఒక నల్ల ఖడ్గమృగం చీకటిలోనుంచి వచ్చింది. ఆ బరువుకు చప్పుడే లేదు. నీటిదాకా వచ్చి, ఆగి, గాలి వాసన పట్టి, తన నీడమీదనే వంగి తాగింది. తరవాత ఏనుగులు వచ్చాయి. ఖడ్గమృగం దారి ఇచ్చింది. బల్లలమీద నాలుగు దేశాలవాళ్లం వున్నాం. ఎవరికి ఎవరి భాష రాదు. ఎవరూ నోరు మెదపలేదు. ఆ గంటసేపు నేను పొందింది కల్తీలేని ఆనందం. దాన్ని కాదంటే అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. మనకన్నా ముందునుంచీ ఈ భూమ్మీద వున్న ప్రాణిని, మన ప్రయోజనం ఏమీ లేకుండా, తలదించి చూడడం మనిషికి అవసరమని నా నమ్మకం. ఆ అవసరం కూలివాడికీ వుంది. అతనికి దాన్ని కొనే శక్తి లేకుండా చేసినవాణ్ణి ప్రశ్నించాలి గాని, ఆ అవసరాన్నే వెక్కిరించడం మన పని కాదు.

అదే గుంట గురించి రెండో నిజం కూడా చెప్పాలి. జర్మన్ గవర్నరు లిండెక్విస్ట్ 1907లో ఆ ప్రాంతాన్ని మృగరక్షణ ప్రాంతం చేసినప్పుడు హైయోమ్ అనే సాన్ తెగ దానిలో కాపురముంది. ఆ నీటిగుంటలన్నీ వాళ్లకు పేరుపేరునా తెలుసు. 1954లో, దక్షిణాఫ్రికా పాలనలో, వాళ్లను వెళ్లగొట్టారు. పార్కు కొలువులో చేరినవాళ్లు మాత్రం మిగిలారు. తన నేలమీద యజమానిగా వుండకూడదు, నౌకరుగా వుండవచ్చు. ఈ రెండు నిజాల్లో ఒకటి చెప్పి రెండోది దాచేవాడు సఫారీ రచయిత. రెండోది చెప్పి మొదటిది దాచేవాడు మన మొరటు విమర్శకుడు. రెండూ చెప్పగలిగినవాడి కోసం మనం చూస్తున్నాం.

మన మొరటు విమర్శకుడి వాదానికి వాస్తవంలోనూ బలం లేదు. 2014లో దక్షిణాఫ్రికాలో దొంగవేటగాళ్లు చంపిన ఖడ్గమృగాలు 1,215. తుపాకి పట్టినవాడు చాలాసార్లు సరిహద్దు గ్రామాల నిరుపేద యువకుడు. కొమ్ము కొన్నవాడు దూరదేశపు ధనికుడు. అక్కడ జంతువూ పేదవాడూ ఒకే వ్యాపారానికి బలి. బోట్స్వానాలో సుమారు 1,30,000 ఏనుగులున్నాయి. ఒక్క రాత్రిలో మడి తొక్కి పోయే ఏనుగు రైతుకు చిత్రపటం కాదు. వేటను ఆ దేశం 2014లో నిషేధించి 2019లో మళ్లీ అనుమతించిందంటే వెనక ఈ రైతు కడుపుమంట కూడా వుంది. దానిమీద ఐరోపా పత్రికల్లో వచ్చిన ఆగ్రహంలో ఏనుగు వుంది, రైతు లేడు. 2015లో జింబాబ్వేలో సెసిల్ అనే సింహాన్ని ఒక అమెరికన్ పళ్ల డాక్టరు చంపినప్పుడు ప్రపంచం కన్నీరు కార్చింది. సింహాల భయంతో పెరిగిన జింబాబ్వే విద్యార్థి గుడ్‌వెల్ న్‌జూ, మా చావులకు లేని పేరు ఆ సింహానికి ఎక్కడినుంచి వచ్చిందన్న అర్థం వచ్చేలా న్యూయార్కు పత్రికలో రాశాడు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పకుండా జంతుప్రేమ గురించి రాయడం ఇక కుదరదు.

మనుషులూ జంతువులూ ఒకే నేలకు శత్రువులనే వాదాన్ని మకులెకె ప్రజలు ఆచరణలో పూర్వపక్షం చేశారు. క్రూగర్ ఉత్తరపు కొసన, లింపోపో, లువువూ నదుల మధ్యనుంచి సుమారు మూడువేలమందిని 1969లో బలవంతంగా లేపేశారు. వర్ణవివక్ష అంతమయ్యాక వాళ్లు దావా వేసి 1998లో దాదాపు 24,000 హెక్టార్లమీద తమ హక్కును తిరిగి సంపాదించారు. వాళ్లు అడవి నరకలేదు. ఆ నేలను మృగరక్షణకే వుంచి, దానిమీద విడిదులు కట్టుకునే కంపెనీలనుంచి కౌలు తీసుకుంటున్నారు. ఇది సోషలిజం కాదు. పెట్టుబడి ఇంకా కంపెనీలదే. కాని నేల ఎవరిదన్న ప్రశ్నకు అక్కడ జవాబు మారింది. ఆ క్యాంపులో మంచం పరిచే మనిషి ఆ నేల హక్కుదారుల్లో ఒకడు కావచ్చు. అటువంటి చోటినుంచి రాసే యాత్రాకథలో "టీ వచ్చింది" అన్న వాక్యానికి చోటుండకూడదు.

ఆ రెండు నిజాలూ చెప్పిన రచనలు లేకపోలేదు. దక్షిణాఫ్రికానుంచి బోట్స్వానాకు వలసవెళ్లిన బెస్సీ హెడ్ 1968లో "వెన్ రెయిన్ క్లౌడ్స్ గేదర్" నవల రాసింది. దానిలోనూ బోట్స్వానా బయలే, ఆ ఆకాశమే, ఆ రాబందులే. సఫారీ పుస్తకంలో రాబందులు కనబడితే అక్కడ సింహం వేట చంపిందని సంబరం. ఈ నవలలో కరువు వస్తుంది, పశువులు చస్తాయి, దూరపు పశువుల పాకలో ఒంటరిగా వున్న పౌలీనా కొడుకు చిన్న ఐజక్ దిక్కులేక చనిపోతాడు. తల్లి వెళ్లేసరికి ఎముకలు మిగిలివుంటాయి. మఖాయా ఆమెను గుడిసెలోకి పోనివ్వడు. ఆ పుటలు చదివాక బయలు మళ్లీ బొమ్మలా కనిపించదు. అయినా ఆ నవల నిరాశ నేర్పదు: బావులు, గడ్డి, సహకార సంఘం, పొగాకు సాగు గురించి అంత ఆర్తితో రాసిన నవలలు తక్కువ. ప్రకృతిని ప్రేమించడానికి మనుషుల్ని ఊడ్చనక్కరలేదని ఆమె రుజువు చేసింది. 1998లో అచ్చయిన న్‌జబులో న్‌డెబెలె వ్యాసం "గేమ్ లాడ్జెస్ అండ్ లీజర్ కలోనియలిస్ట్స్" మరో వైపునుంచి వస్తుంది. వర్ణవివక్ష పోయాక నల్లజాతి అతిథిగా అలాంటి విడిదికి వెళ్లే మనిషి మనఃస్థితిని అతను విప్పిచూపాడు. వడ్డించేవాళ్ల ముఖాలు అతిథి ముఖంలాగానే వుంటే, చూడవచ్చినవాడికి తన స్థానం ఏమిటో తెలియదు. చట్టం మారినా ఆ భవనాల అమరికలో పాత ప్రభుత్వం ఇంకా కాపురం చేస్తున్నదని ఆ చిన్న వ్యాసం చూపినంత బాగా పెద్ద గ్రంథాలు చూపలేవు.

ఇదంతా ఎక్కడో ఆఫ్రికా గొడవ, మనకెందుకు అనడానికి ఇప్పుడు వీలులేదు. 2022 సెప్టెంబరులో నమీబియానుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికానుంచి పన్నెండు చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి తెచ్చారు. విమానం దిగిన చీతాలను దేశమంతా చూసింది. ఆ అడవిలో ఒకప్పుడు 24 గ్రామాలుండేవి. అందులో ఎక్కువమంది సహరియా ఆదివాసులు. గుజరాతు సింహాలు వస్తాయని చెప్పి చీతాలకు ఇరవయ్యేళ్లముందే వాళ్లను తరలించారు. కలహారి తీర్పు వచ్చిన 2006లోనే మన దేశంలో అటవీ హక్కుల చట్టం వచ్చింది. నల్లమల చెంచును అడిగితే ఆ చట్టం కాగితంమీద ఎంతో, నేలమీద ఎంతో చెబుతాడు. రేపు మన రచయితలు కూనోకు పోతారు, అమ్రాబాదుకు పోతారు, డబ్బున్నవాళ్లు క్రూగర్‌కూ పోతారు. పోవాలి. చూడాలి. రాయాలి.

అయితే ఆ రచన మన ముందుకు వచ్చినప్పుడు ఉపాధ్యాయులూ విద్యార్థులూ దానికి మూడు ప్రశ్నలు వెయ్యాలని నా మనవి. జాడ తీసిన మనిషికి ఈ రచనలో పేరూ మాటా వున్నాయా? ఈ నేల ఖాళీగా వుందంటున్నారే, ఎప్పటినుంచి ఖాళీ, ఎవరు ఖాళీ చేశారు? ఇక్కడి రాబడి ఎవరి చేతికి పోతున్నది? ఈ మూడింటికి జవాబిస్తూనే, నీళ్లు తాగడానికి వచ్చిన ఖడ్గమృగం మీద వెన్నెల పడినట్టు కూడా రాయగలిగినవాడు వస్తే, అతన్ని మన రచయిత అని నెత్తిన పెట్టుకుందాం. జవాబివ్వలేని రచన ఎంత సొగసైనదైనా, అది స్కుకూజా చేతి చీపురే.